ఓటీ (ఆపరేషన్ థియేటర్) నుంచి వార్డుకి వచ్చిన పేషెంట్: మొదటి నాలుగు గంటలు దేనిమీద కన్నేయాలి?

కొత్తస్టాఫ్_కూకట్‌పల్లి

నమస్తే సిస్టర్స్, బ్రదర్స్. మెడికల్ వార్డు నుంచి సర్జికల్ పోస్టాప్‌కి (ఆపరేషన్ అయినవాళ్ళని ఉంచే వార్డుకి) మార్చారు. ఎక్కువగా పొట్ట ఆపరేషన్లు, హెర్నియాలు, గర్భసంచి కేసులు. రికవరీ గది నుంచి తెచ్చే బ్రదర్ "వైటల్స్ స్టేబుల్" (పల్స్, బీపీ, శ్వాస బాగున్నాయి) అని ఫైలు చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. చార్టు నింపడం వచ్చు, కానీ ఏది ఎంత మారితే డ్యూటీ డాక్టర్‌ని లేపాలి? స్పైనల్ (వెన్నులో సూదితో ఇచ్చే మత్తు) ఇచ్చినవాళ్ళని 24 గంటలు తలగడ లేకుండా ఉంచమంటున్నారు, తప్పనిసరా? పొద్దున ఆపరేషన్ల లిస్టుకి పంపేటప్పుడు ఓటీ వాళ్ళు ఏదో ఒకటి తక్కువైందని తిప్పి పంపుతున్నారు. వాళ్ళు అసలు ఏం చూస్తారు?

పోస్టాప్_సిస్టర్

"వైటల్స్ స్టేబుల్" అన్నది హ్యాండోవర్ (పేషెంట్‌ని అప్పగించడం) కాదమ్మా. బ్రదర్‌ని బెడ్ దగ్గరే ఆపి అడగండి: ఏం ఆపరేషన్ చేశారు, రక్తం ఎంత పోయింది, నొప్పి ఇంజెక్షన్ చివరగా ఏది, ఎన్నింటికి ఇచ్చారు, డ్రెయిన్లు (లోపలి రక్తం, ద్రవం బయటికి తెచ్చే గొట్టాలు) ఎన్ని, తర్వాతి యాంటీబయాటిక్ ఎప్పుడు. గర్భసంచి కేసుల్లో లోపల గాజ్ గుడ్డ ప్యాక్ వదిలారా, వదిలితే ఎప్పుడు తీయాలో కేస్‌షీట్‌లో రాశారా అన్నది కూడా. డ్రెయిన్‌లో, యూరోబ్యాగ్‌లో (మూత్రం చేరే సంచిలో) ఎంతుందో ఇద్దరూ చూసి రాసుకున్నాకే ఆయన్ని వదలండి. లేకపోతే రెండు గంటలయ్యాక బ్యాగులో ఉన్న 200 మి.లీ. ఓటీలో వచ్చిందో వార్డులో వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

మానిటర్ తగిలించేముందు మనిషిని చూడండి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాడా, గురక పెడుతున్నాడా, అరచేతులు చల్లబడ్డాయా. శ్వాస నిమిషం నిండా లెక్కపెట్టండి. చాలా చార్టుల్లో వార్డులో ఉన్న అందరికీ 20 అనే ఉంటుంది, అది ఎవరూ లెక్కపెట్టిన అంకె కాదు. మొదటి గంట 15 నిమిషాలకోసారి, తర్వాత రెండు గంటలు అరగంటకోసారి, ఆపైన గంటకోసారి అన్నది మామూలుగా నడిచే పద్ధతి. మీ ఆస్పత్రి ప్రోటోకాల్ వేరుగా ఉంటే అదే పాటించండి.

లోపల రక్తం కారుతుంటే బీపీ అన్నిటికంటే చివర్లో పడుతుంది, వయసులో ఉన్నవాళ్ళలో మరీను. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుతుంది, ఒంట్లో రక్తం 30 శాతం దాకా పోయినా పై అంకె దాదాపు అలాగే నిలబడొచ్చు. పల్స్ 84, 96, 112 అని మూడు రీడింగుల్లో ఎక్కింది, బీపీ 118/70 నుంచి 112/84కి వచ్చింది అనుకోండి. విడివిడిగా చూస్తే బీపీలో కంగారుపడేది ఏమీ కనిపించదు. కానీ పై అంకెకీ కింది అంకెకీ మధ్య తేడా 48 నుంచి 28కి తగ్గిపోయింది. ఫోన్ చేయాల్సింది అప్పుడే, 80/50 అయ్యాక కాదు. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మందులు) వాడేవాళ్ళలో పల్స్ కూడా ఎక్కకపోవచ్చు, అక్కడ చల్లబడ్డ చేతులు, పెరిగిన శ్వాస, తగ్గిన మూత్రమే ఆధారం.

డ్రెస్సింగ్ మీద తడి అంచున పెన్నుతో గీత గీసి టైం వేయండి. నడుము కింద చెయ్యి పెట్టి తప్పకుండా చూడండి. పక్కనుంచి జారిన రక్తం వీపు కింద డ్రాషీట్‌లో (అడ్డంగా పరిచే గుడ్డలో) చేరుతుంది, పైన గాజ్ గుడ్డ తెల్లగానే ఉంటుంది. డ్రెయిన్ ఖాళీగా ఉందని సంతోషించకండి. ట్యూబు మడతపడినా, గడ్డ అడ్డుపడినా, వాక్యూం పోయినా ఖాళీగానే ఉంటుంది. గంటకి 100 మి.లీ. దాటి ఎర్రగా వస్తుంటే వెంటనే చెప్పాలి.

మూత్రం కిలోకి గంటకి అర మి.లీ., అంటే 60 కిలోల మనిషికి 30. వరసగా రెండు గంటలు తగ్గితే ముందు ట్యూబు తొడ కింద నలిగిందేమో చూసి, ఆ తర్వాత డాక్టర్‌కి చెప్పండి. "లాసిక్స్ (మూత్రం ఎక్కువ రప్పించే మందు) ఒకటి కొట్టేద్దామా" అనేవాళ్ళు ఉంటారు. ఒంట్లో ద్రవం తక్కువైనవాడికి లాసిక్స్ ఇస్తే ఉన్నది కూడా పోతుంది.

తలగడ సంగతంటారా, మేమంతా 24 గంటలనే నేర్చుకున్నాం. ఇప్పటికీ అదే సేఫ్ అని నా అభిప్రాయం.

మత్తుడాక్టర్

సిస్టర్ చెప్పిన మిగతాదంతా నూటికి నూరుపాళ్ళు నిజం. తలగడ విషయంలో మాత్రం ఒప్పుకోను. తలగడ తీసేసేది స్పైనల్ తర్వాత తలనొప్పి వస్తుందన్న భయంతో. ఆ తలనొప్పి సూది చేసిన రంధ్రంలోంచి వెన్ను ద్రవం కారడం వల్ల వస్తుంది. దాన్ని తేల్చేది సూది లావు, మొన ఆకారం. సన్నటి 25, 27 గేజ్ పెన్సిల్ పాయింట్ సూదులతో బాగా తగ్గింది. చదునుగా పడుకోబెడితే నొప్పి ఆగదు, లేచేదాకా బయటపడదు, అంతే. పైగా లావుగా ఉన్నవాళ్ళకి, సిగరెట్లు తాగేవాళ్ళకి చదునుగా ఉంటే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుంది. బీపీ నిలకడగా ఉంటే, సర్జన్ వద్దనకపోతే తల 30 డిగ్రీలు ఎత్తండి. లేవదీయడానికి అసలు షరతు కాళ్ళ బలం: మోకాళ్ళు మడిచి పిరుదులు పైకెత్తగలగాలి. ముందు మంచం అంచున అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, బీపీ చూసి, అప్పుడు నిలబెట్టండి. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి అయితే మాకు కబురు చేయండి. జ్వరం, మెడ బిగుసుకుపోవడం తోడైతే ఆ క్షణమే.

నొప్పి మందుల దగ్గర ఇంకో మాట. మార్ఫిన్, ఫెంటనిల్ తీసుకున్నవాళ్ళలో సాధారణంగా శ్వాస సంఖ్య తగ్గేకంటే ముందు మగత పెరుగుతుంది. పిలిస్తే కళ్ళు తెరిచి, మాట మధ్యలోనే మళ్ళీ నిద్రలోకి జారుతున్నాడంటే శ్వాస 14 ఉన్నా సరే, తర్వాతి డోసు ఆపి ఫోన్ చేయండి. 8కి దిగితే నొప్పి మందు పంపు ఆపి, తట్టిలేపి, గడ్డం పైకెత్తి, ఆక్సిజన్ పెట్టి, పక్కవాళ్ళని కేకేయండి. మాస్కు మీద ఎస్‌పీఓటూ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98 చూసి నమ్మొద్దు. బయటినుంచి ఆక్సిజన్ అందుతున్నప్పుడు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా ఆ అంకె చాలాసేపు కదలదు.

మార్ఫిన్ లాంటివాటికి విరుగుడైన నాలోక్సోన్ 400 మైక్రోగ్రాముల యాంపూల్‌ని సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే మి.లీ.కి 40 మైక్రోగ్రాములు వస్తుంది. డాక్టర్ ఆర్డర్ మీద 1-2 మి.లీ. చొప్పున, 2-3 నిమిషాలకోసారి, శ్వాస కుదుటపడేదాకా. యాంపూల్ అంతా ఒకేసారి తోస్తే నొప్పి తిరగబడి బీపీ ఎగురుతుంది. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర, మార్ఫిన్‌ది అంతకంటే ఎక్కువ. లేచి మాట్లాడిన మనిషి మళ్ళీ మగతలోకి పోవచ్చు కాబట్టి బెడ్ వదలొద్దు.

పారాసెటమాల్ 1 గ్రాము బాటిల్ 15 నిమిషాల్లో పోవాలి, పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, 50 కిలోల లోపువాళ్ళకి డోసుకి కిలోకి 15 మి.గ్రా. చొప్పున. ఒక పక్క బాటిల్ ఎక్కుతుంటే ఇంకో పక్క జ్వరానికని డోలో (అదీ పారాసెటమాలే) వేయడం చాలా వార్డుల్లో జరిగేదే.

ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర పెట్టిన సన్నటి గొట్టంలోంచి నొప్పి మందు ఎక్కించడం) ఉన్నవాళ్ళలో కాళ్ళు రానురాను బరువెక్కుతుంటే ముందు ఇన్‌ఫ్యూజన్ ఆపించండి. ఆపిన 4 గంటలకీ బలం రాకపోతే వెన్నులో రక్తం గడ్డకట్టిందేమో అని ఎంఆర్ఐకి పరుగెత్తాలి. అందుకే రక్తం పల్చబడే ఇంజెక్షన్ల టైం ముఖ్యం: ఎనాక్సపారిన్ 40 మి.గ్రా. ఇచ్చాక 12 గంటలు ఆగి ఆ ఎపిడ్యూరల్ గొట్టం తీయాలి, తీశాక కనీసం 4 గంటలు ఆగి తర్వాతి డోసు.

శ్వాస, నాడి రెండూ చూడమని ఎందుకంటున్నామంటే, ఈ చర్చకి మన ఊళ్ళోనే పాత చరిత్ర ఉంది. 1888, 1889లో నిజాం ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాద్ క్లోరోఫాం (అప్పటి మత్తుమందు) కమిషన్లు శ్వాసని కనిపెట్టుకుంటే చాలన్నట్టు తేల్చాయి. క్లోరోఫాం నేరుగా గుండె లయనే దెబ్బతీయగలదని తర్వాత లెవీ అనే డాక్టర్ ప్రయోగాల్లో తేలింది.

ఓటీ_స్క్రబ్‌నర్స్

తిప్పి పంపడం కోపంతో కాదు. మత్తు ఇచ్చేముందు చెక్‌లిస్టులో పేరు, ఆపరేషన్, వైపు, కాన్సెంట్, అలర్జీ మేం పేషెంట్ నోటినుంచే వినాలి. వార్డులోనే తేలిపోవాల్సినవి అక్కడ బయటపడితే కేసు ఆగుతుంది.

హైదరాబాద్‌లో అన్నిటికంటే ఎక్కువ కేసులు ఆపేది చాయ్. "ఏమీ తినలేదు సిస్టర్, చాయ్ ఒక్కటే" అంటారు. పాలు పడ్డ చాయ్ నీళ్ళ లెక్క కాదు, తేలికపాటి తిండి లెక్క, 6 గంటలు. నీళ్ళు, పాలు లేని టీ అయితే 2 గంటల ముందు దాకా పర్లేదు. తల్లిపాలకి 4. రాత్రి బిర్యానీ, వేపుళ్ళు తింటే 8. "తిన్నారా" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. "చివరి గుక్క ఏది, ఎన్నింటికి" అని అడగండి, అటెండెంట్‌ని విడిగా ఇంకోసారి అడగండి. పొద్దున 8కి ఉన్న కేసు ఒంటిగంటకి జారితే అనస్థీషియా వాళ్ళని అడిగి నీళ్ళు ఇప్పించండి. గొంతెండి పడుకోబెట్టడం వల్ల ఎవరికీ లాభం లేదు.

బీటా బ్లాకర్ ఆపొద్దు, ఓ గుక్క నీళ్ళతో వేయించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు 3 రోజుల ముందే ఆపి ఉండాలి. ఆపకపోతే షుగర్ 180 ఉన్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు) చేరతాయి, గ్లూకోమీటర్‌లో తెలియదు. అలాంటివాళ్ళు ఆపరేషన్ తర్వాత వాంతులు, ఆయాసం అంటే కీటోన్లు చూడమని మీరే గుర్తుచేయండి.

యాంటీబయాటిక్ కోత పెట్టేముందు 60 నిమిషాల లోపు పడాలి. ఆరింటికే వార్డులో కొట్టి పంపితే, కేసు పదకొండుకి మొదలైతే ఉపయోగం లేదు. వయల్‌ని (మందు సీసాని) పేషెంట్‌తో పంపండి. వెంట్రుకలు రేజర్‌తో తీయొద్దు, ఆ గాట్లలోనే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. అవసరమైన చోట క్లిప్పర్ చాలు.

మంగళసూత్రం దగ్గర గొడవ వద్దు. పసుపు కొమ్ము కట్టిన దారం మెడలో వేయించి, బంగారం ఇంటివాళ్ళకిచ్చి సంతకం తీసుకోండి. చాలా కుటుంబాలు దానికి వెంటనే ఒప్పుకుంటాయి. మెట్టెలు, ముక్కుపుడక మర్చిపోకండి. మెట్టెలు రాకపోతే సబ్బునీళ్ళు, అప్పటికీ రాకపోతే మాకు ముందే ఫోన్. పేస్‌మేకర్, కాల్లో రాడ్డు ఉంటే ఫైలు పైనే రాయండి, డయాథర్మీ (కరెంటుతో కోసి, రక్తం ఆపే పరికరం) ప్లేటు ఎక్కడ అంటించాలో దాన్నిబట్టే చూస్తాం.

కొత్తస్టాఫ్_కూకట్‌పల్లి

చాలా థ్యాంక్స్. ఇంకొక్కటి. స్పైనల్‌లో హెర్నియా చేసినవాళ్ళకి మూత్రానికి క్యాథెటర్ (గొట్టం) ఉండదు కదా. కొందరు ఆరేడు గంటలకి బాగా కదులుతూ, నొప్పి అని అరుస్తారు. బీపీ కూడా ఎక్కుతుంది. ఇంకో ట్రమడాల్ (నొప్పి ఇంజెక్షన్) ఇవ్వచ్చా?

పోస్టాప్_సిస్టర్

ముందు దుప్పటి తీసి బొడ్డు కింద చెయ్యి పెట్టండి. గుండ్రంగా ఉబ్బి, నొక్కితే మెలికలు తిరుగుతున్నాడంటే అది కోత నొప్పి కాదు, మూత్రసంచి నిండింది. స్పైనల్ వల్ల నిండిన సంగతే వాళ్ళకి తెలియదు, మగవాళ్ళలో, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవాళ్ళలో ఎక్కువ. ట్రమడాల్ ఇస్తే మూత్రం ఇంకా బిగుస్తుంది. కాళ్ళకి బలం వచ్చి ఉంటే పట్టుకుని నిలబెట్టండి, కర్టెన్ వేయండి, అటెండెంట్లని బయటికి పంపండి, కుళాయి తిప్పి వదలండి. పడుకుని యూరినల్‌లో పోయలేని మనిషి నిలబడితే పోస్తాడు. మూత్రసంచి స్కానర్ ఉంటే చూడండి, 400-500 మి.లీ. దాటి ఉండి రావట్లేదంటే, లేదా 6-8 గంటలైనా చుక్క రాకపోతే డాక్టర్‌కి చెప్పి ఒకసారి క్యాథెటర్ వేసి తీసేయడమే. ఎంత వచ్చిందో రాయండి. 900 వచ్చిందంటే ఆ సంచి బాగా సాగిపోయినట్టే, ట్యూబు ఒక రాత్రి ఉంచాలా అని అడిగి తీయండి.

బొడ్డు కింద మెత్తగా ఉంటే అప్పుడు డ్రెస్సింగ్ విప్పించి, వృషణాల దగ్గర వాపు చూసి, నొప్పి మందు గురించి ఆ తర్వాత అడగండి.