అప్‌డేట్: మామిడి చెక్క బల్ల ఎందుకు పగిలిందో తెలిసింది

ఆదివారాల్లో ఇంటి షెడ్డులో చేసుకున్న మామిడి చెక్క బల్ల పైపలక వేసవిలో పగిలిందని ఏప్రిల్‌లో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తప్పు పైపలకలోని చెక్కలను అతికిన జిగురుదే అనుకున్నాను, కాదు. మా వీధి వడ్రంగి పెద్దాయన బల్లను తిరగేసి, పగులు వెంట గోటితో గీసి చూపించారు. అతుకు చెక్కుచెదరలేదు. దానికి అంగుళం పక్కన చెక్కే చీలింది. నేను పలకను చట్రానికి ఎనిమిది స్క్రూలతో కదలకుండా బిగించేశాను. ఆరే చెక్క పొడవులో దాదాపు మారదు, నారకు అడ్డంగా కుంచించుకుంటుంది. దానికి చోటివ్వకపోతే చీలుతుంది. "స్క్రూ రంధ్రాలు చూడండి" అన్నవారి మాటే నిజమైంది.

మధ్య స్క్రూలను అలాగే ఉంచి, చట్రంలోని మిగతా రంధ్రాలను గుండ్రటి ఆకురాయితో నారకు అడ్డంగా 12 మిల్లీమీటర్ల వరకు సాగదీశాను. వాషర్లు వేసి, మరీ బిగువుగా కాకుండా తిప్పాను. పగులులోకి అదే చెక్క బద్దను సన్నగా చెక్కి జిగురుతో దించి, ఆరాక చిత్రిక పట్టాను.

పాలిష్ మార్చనవసరం లేకపోయింది. అది తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుందే గాని ఆపదు. వానలు వెళ్లి చలిగాలి మొదలైంది, కొత్త గీత ఒక్కటీ రాలేదు.