ఈ పాత లెన్స్ రిపేరు పనిముట్టు ఏంటో గుర్తుపట్టగలరా?

నమస్తే అండీ, మాది పర్లాకిమిడి. మా మావయ్య పాత ఫోటో స్టూడియో ఖాళీ చేస్తుంటే కెమెరా సామాన్ల డబ్బాలో ఒక ఇత్తడి పనిముట్టు దొరికింది. మూడు సన్న ఉక్కు కాళ్ళు, పైన గరుకు చక్రం తిప్పితే మూడూ ఒకేసారి దగ్గరికీ దూరానికీ జరుగుతాయి, ఇప్పటికీ ఎంత నున్నగా జరుగుతాయో చూడాల్సిందే. కాలు పొడవు 45 మి.మీ., 12 నుంచి 70 మి.మీ. దాకా తెరుచుకుంటుంది, కొనలు స్క్రూడ్రైవర్‌లా చదును. చక్రం కింద డి.ఆర్.జి.ఎం. అని చెక్కి ఉంది, అది జర్మనీలో 1891 నుంచి వాడిన యుటిలిటీ మోడల్ (చిన్న తరహా పేటెంట్ లాంటిది) రిజిస్ట్రేషన్ గుర్తు, పక్కన నంబరు అరిగిపోయింది, కంపెనీ పేరు లేదు.

ఫోటో పెట్టి నెట్‌లో వెతికితే అన్నీ రెండు కాళ్ళ లెన్స్ స్పానర్లే (లెన్స్‌ని పట్టి ఉంచే రింగు తిప్పి విప్పేవి) వస్తున్నాయి, ఆ రింగుకి మామూలుగా రెండు గాట్లే కదా. బరంపురంలో కెమెరాలు బాగుచేసే ఆయన ఎప్పుడూ చూడలేదన్నారు. ఇక్కడి వాచీ రిపేరు ఆయనేమో వాచీ వెనక మూత తిప్పేది అంటున్నారు, కానీ దానికి ఇంత పొడుగు కాళ్ళు ఎందుకు, 70 మి.మీ. మూత ఉన్న చేతి వాచీ ఎక్కడుంది? పాత సామాన్లు కొనే ఒకాయన ఇత్తడి తూకానికి అడుగుతున్నాడు, నాకు మనసొప్పట్లేదు. పాతదనం పోతుందని పాలిష్ కూడా పెట్టలేదు.

ఇలాంటి మూడు కాళ్ళది వాడినవాళ్ళు గానీ అమ్మినవాళ్ళు గానీ ఉంటే చెప్పండి, ఇది లెన్స్ పనిముట్టేనా, అయితే ఎంత ధర అడగొచ్చు?