పితూరీ: తిరుగుబాటా, చాడీయా?

పితూరీలు చెప్పడమంటే చాడీలు చెప్పడమే కదా, మరి గోదావరి మన్యంలో జరిగిన రంప తిరుగుబాటును ‘రంప పితూరీ’ అని ఎందుకన్నారని ఆదోని మిత్రులొకరు అడిగారు. ఉర్దూ మీదుగా మనకు చేరిన ఈ మాటకు అసలు అర్థం అలజడి, తిరుగుబాటు. అయితే అది సర్కారు నోటి మాట. తిరగబడినవాడెవడూ తనది పితూరీ అని చెప్పుకోడు.

ఈ రెండర్థాల మధ్య దూరం పైకి కనిపించేంత లేదు. వినేవారు లేని మొరే తిరుగుబాటుగా మారుతుంది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేచీ తనకు సర్కారు నుంచి రావలసిన తవర్జీ, అంటే భరణం దగ్గర మొదలైంది. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ మొర కచేరీలో చెల్లలేదు కాబట్టే అప్పట్లో కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల ఖజానా మీదికి జనం నడిచారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీశారు.

రంపలో కథ ఇంకొంచెం మెలిక తిరిగింది. అక్కడ కొండవాళ్లను పీడించినవాడు స్థానికుడైన మన్సబుదారే, అంటే ఆ ప్రాంతపు జమీందారే. కానీ బ్రిటిష్ దొరతనం వెనక నిలిచి కొమ్ముకాస్తున్నందువల్ల, అతనికి వాళ్ల గోడు వినవలసిన అగత్యం లేకపోయింది. దానికి కల్లు మీద కొత్త ఆబ్కారీ నిబంధనలు తోడై 1879లో మన్యం భగ్గుమంది.

ఇరానులో జరిగిందీ ఇలాంటిదే. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థలు ప్రధాని మొసాద్దెగ్‌ను దించడంలో చేయి కలిపి ఆ దేశపు రాజు షా పెత్తనాన్ని నిలబెట్టాయి. 1957లో ఏర్పడిన సవాక్ అనే రహస్య పోలీసు దళం అసమ్మతివాదులను చెరసాలల్లో చిత్రహింసల పాలుచేసింది. అయినా 1977 డిసెంబరు 31 రాత్రి టెహరాన్ విందులో అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఆ దేశాన్ని స్థిరత్వ ద్వీపమని పొగిడారు. వినేవారు లేని మొర అప్పటికే వీధికెక్కడానికి సిద్ధంగా ఉంది. 1979 జనవరి 16న షా దేశం విడిచి వెళ్లారు.

షాను కూలదోసినవారిని పితూరీదారులనవచ్చా అని మరొకరు అడిగారు. షా దర్బారు పక్షాన వార్త రాస్తున్నట్లయితే నిక్షేపంగా అనవచ్చు. సొంత గొంతుతో రాసేటప్పుడు మాత్రం ‘తిరుగుబాటు’ అనాలని, ‘పితూరీ’ని సర్కారు కాగితాలను ఉటంకించేచోటికి పరిమితం చేయాలని నా అభిప్రాయం. రంప విషయంలో ఆ పేరు చరిత్రలో పాతుకుపోయింది కాబట్టి దానికి మినహాయింపు ఇవ్వక తప్పదు. ఇంట్లో పిల్లల మీద వాడుకోవడానికంటారా, అడ్డేమీ లేదు.