సమస్య: పత్రములను దిని యపర్ణ యయ్యె

నిర్వాహకుడు (కడప): మనవరాలికి అపర్ణ అని పేరు పెట్టాం. "ఆకులు లేనిది అంటే మోడు కదా" అన్నారు మా వియ్యపురాలు. అమరకోశం తీసి పార్వతి పేర్ల వరుసలో చూపించినా ఆమె మొహం విప్పారలేదు. ఆ టెన్షన్‌లో ఈ పాదం తట్టింది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. కానివ్వండి.

ప్రొద్దుటూరు పంతులు:
మేకపిల్ల యొకటి మెల్లగా జెన్నూరి
తమలపాకు తోట తడిక దాటి
లేత తీగ పైకి లేచి, పాపము! తీగ
పత్రములను దిని యపర్ణ యయ్యె

చెన్నూరు ఆకుతోటలు చూసినవాళ్లకు వివరణ అక్కర్లేదు.

తాడిపత్రి అక్క: తీగను అపర్ణ చేయడం బాగుంది. కానీ పంతులుగారూ, తిన్నది మేక, బోసిపోయింది తీగ. 'తిని' అన్నాక 'అయ్యె'కూ మేకే కర్త. మీ పద్యంలో నామకరణం మేకకు జరిగింది.

ప్రొద్దుటూరు పంతులు: వాన కురిసి చెరువు నిండింది అనమా? కురిసింది ఏది, నిండింది ఏది? కార్యకారణం ఉన్నచోట కర్తలు వేరైనా చెల్లుతుంది.

తాడిపత్రి అక్క: చెల్లుతుంది, చెరువు కనిపిస్తే. మీ తీగ పోయి పత్రాలకు అతుక్కుంది. 'తీగ పత్రములు' అనే చదువుకుంటాం.

ఆదోని శాస్త్రి: పంతులుగారి చమత్కారాలు మాకు కొత్త కాదు. మొన్న 'ఉమ' సమస్యకు 'ఉ! మా!' అని విరిచి శభాష్‌లు కొట్టేశారు. తపస్సు వద్దని తల్లి వారించిన ఆ మాట కుమారసంభవం మొదటి సర్గలోది. కాళిదాసు పేరు మాత్రం ఎత్తలేదు.

ప్రొద్దుటూరు పంతులు: కాళిదాసును పరిచయం చేయాల్సినవాళ్లు ఇక్కడ ఉన్నారనుకోలేదు. మీ పూరణ ఏదీ?

ఆదోని శాస్త్రి: ఐదో సర్గలోనే ఉంది కదా. వాటంతట అవే రాలిన ఆకులతో బతకడం తపస్సుకు పరాకాష్ఠ. పార్వతి అదీ మానింది, అపర్ణ అయింది. ముందు తిన్నది, తర్వాత మానింది. సమస్యలో వైరుధ్యమే లేదు.

నిర్వాహకుడు: తీర్పు చెప్పమనలేదు శాస్త్రిగారూ, పద్యం చెప్పమన్నాను.

తాడిపత్రి అక్క:
వేరుసెనగ పంట వేసి చేసిన యప్పు
తీర్చ నెంచి యామె దినము దినము
కూడు మాని పెరటి గోగాకు చెంచలి
పత్రములను దిని యపర్ణ యయ్యె

అప + ఋణ. అప్పు లేనిది.

ప్రొద్దుటూరు పంతులు: ఊరి పేరులోనే పత్రి ఉన్నావిడ పర్ణాన్ని వదిలేసి ఋణాన్ని పట్టుకున్నారు! బాగుంది, ఒప్పుకున్నాం. అయితే దశార్ణ, ఋణార్ణ లాగా వృద్ధి వచ్చి, అంటే అ, ఋ కలిసి 'ఆర్' అయి, 'అపార్ణ' కావద్దా?

ఆదోని శాస్త్రి: కావద్దు. ఆ వృద్ధి చెప్పే వార్తికం (పాణిని సూత్రానికి అనుబంధం) ప్ర, వత్సతర, కంబల, వసన, ఋణ, దశ అనే 6 మాటలకే. 'అప' అందులో లేదు, కాబట్టి గుణమే, అంటే 'అర్' మాత్రమే. లలితా సహస్రనామ వ్యాఖ్యలో భాస్కరరాయలూ ఋణం లేనిది అని అర్థం చెప్పారు. పంతులుగారు మేకల వెంట తిరగకుండా అది చూసి ఉంటే బాగుండేది.

నిర్వాహకుడు: ఆ సహస్రనామంలోనే 'మహాగ్రాసా మహాశనా' అని అంత తిండి చెప్పి, వెంటనే 'అపర్ణా' అంటారు. మా పిల్లకు ప్రస్తుతానికి ముందు రెండు పేర్లే సరిపోతున్నాయి. అక్కగారి పద్యం వియ్యపురాలికి వాట్సాప్‌లో పంపాను.

తాడిపత్రి అక్క: ఏమన్నారు?

నిర్వాహకుడు: "అర్థం బాగుంది అన్నయ్యగారూ, కానీ గోగాకు అన్నాక మళ్లీ పత్రాలెందుకు?" అన్నారు.

ప్రొద్దుటూరు పంతులు: ఆమెను ఇవాళే ఇక్కడ చేర్చండి.