పాత ల్యాప్‌టాప్ మూతకు రంగు వేయాలా, ప్యానెల్ మార్చేయాలా?

కృష్ణాతీరం:
నాది 2011 నాటి లెనోవో థింక్‌ప్యాడ్ టీ420 ల్యాప్‌టాప్. ఎస్‌ఎస్‌డీ వేసి లైనక్స్ ఎక్కించాక హాయిగా నడుస్తోంది. మూత మీది రబ్బరు పూత మాత్రం జిగురు తేలింది. చెయ్యి పెడితే అంటుకుంటుంది, దుమ్మంతా పట్టేస్తుంది. పూత తీసేసి ముదురాకుపచ్చ స్ప్రే కొడదామనుకుంటున్నా. మా అన్నయ్యేమో సెకండ్స్‌లో ప్యానెల్ కొనమంటున్నాడు. మీరేమంటారు?

రిపేర్‌బల్ల:
మీ అన్నయ్య మాటే రైటండీ. రంగు వేసిన మిషన్లు నా దగ్గరికి వస్తుంటాయి. స్క్రూ గుంతల్లో పెయింట్ గడ్డకట్టి డ్రైవర్ దిగదు, గాలి పోయే సందులు మూసుకుపోయి ఉంటాయి. అమ్మబోతే రేటూ పలకదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో తిరిగితే పాత ఏ-ప్యానెల్, అంటే మూత పైభాగం, దొరుకుతుంది.

మట్టిరంగు:
అన్నా, ఆ పాత ప్యానెల్ వయసెంత? అదీ అదే కాలపుదే, దాని మీదా అదే పూత. ఆ రబ్బరు పూత పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్. గాలిలో తేమకు ఏళ్ల తరబడి లోలోపల విడిపోయి జిగురవుతుంది. మన కోస్తా ఉక్కలో ఇంకా త్వరగా. ఇవాళ పొడిగా ఉన్న ప్యానెల్ రేపు అంటుకోదని ఎవరు చెప్పగలరు? డబ్బిచ్చి అదే రోగాన్ని మళ్లీ ఇంటికి తెచ్చుకోవడమే.

మీరు చెప్పిన మిషన్లన్నీ విప్పకుండా స్ప్రే కొట్టినవి. మూత విడదీసి వేస్తే ఆ బాధే లేదు. ఏ స్క్రూ ముందు, ఏది తర్వాత అనేది లెనోవో సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మలతో సహా ఉంది. పూత తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత బనీను గుడ్డ చాలు. నల్లగా, ముద్దలుగా ఊడి వస్తుంది, ఓపిగ్గా తుడవాలి. థిన్నర్, అసిటోన్ దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. తర్వాత 600 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) పైపైన రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి, రంగు పల్చగా పొరలు పొరలుగా వేయాలి. ఒక్కసారే దట్టంగా కొడితే కారిపోతుంది. చంద్రవంక గుర్తున్న లైట్ మీద ముందే మాస్కింగ్ టేప్ వేయండి. మెటాలిక్ రంగు మాత్రం వద్దు. అందులో లోహపు పొడి ఉంటుంది, వై-ఫై యాంటెన్నాలేమో మూతలోనే ఉంటాయి, సిగ్నల్‌కి అడ్డు రావచ్చు.

అపార్ట్‌మెంట్ వాసి:
ఇంత శ్రమెందుకండీ, వినైల్ స్కిన్ (మూతకి అంటించే ప్లాస్టిక్ స్టిక్కరు) అంటించేస్తే పోదా? మా బాల్కనీలో స్ప్రే కొడితే పక్కింటి వాళ్లు ఊరుకోరు, ఆ వాసనకి పిల్లలకి దగ్గు.

మట్టిరంగు:
జిగురు మీద స్కిన్ నిలవదండీ, అంచులు లేచిపోతాయి. అంటించాలన్నా ముందు పూత తీయాల్సిందే. వాసన సంగతి మాత్రం నిజం. డాబా మీద, మాస్క్ పెట్టుకునే కొట్టాలి.

రిపేర్‌బల్ల:
పూత వయసు గురించి నువ్వన్నది ఒప్పుకుంటా తమ్ముడూ. విప్పి వేస్తే మూత వరకు సరే. చేతులు ఆనించే కీబోర్డు ప్యానెల్‌కి మాత్రం వేయొద్దనే నా మాట. రోజంతా చెమట, రాపిడి. ఎంత మంచి రంగైనా మణికట్టు దగ్గర ముందు పోతుంది, ఆ మచ్చలు అసలు కంటే అసహ్యంగా ఉంటాయి.

మట్టిరంగు:
అక్కడ నాదీ అదే మాట.

కృష్ణాతీరం:
అయితే మూత ఒక్కదానికే, మాట్ ఆకుపచ్చ. ఈ ముసురులో కొట్టొచ్చా?

మట్టిరంగు:
వద్దు. తేమకి రంగు మీద తెల్లటి పొగలా పడుతుంది. ఈలోగా పూత తీసి పెట్టుకోండి, నాలుగు రోజులు వరసగా ఎండ కాస్తే అప్పుడు మొదలుపెట్టండి.