పీఎస్పీలో టెక్కెన్ 6: కజుయా ఎలక్ట్రిక్ పడటం లేదు, బొటనవేలు ఎలా పెట్టాలి?

పాత పీఎస్పీ (సోనీ చేతి గేమ్ మెషిన్) ఒకటి చేతికొచ్చింది, అందులో టెక్కెన్ 6 అనే ఫైటింగ్ గేమ్ ఆడుతున్నాను. కజుయా అనే ఫైటర్ కొట్టే ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్ అనే పంచ్ దగ్గరే ఇరుక్కుపోయాను. ముందుకు, వదిలేయడం, కిందికి, ఆ తర్వాత కింద-ముందు మూలతో పాటు ట్రయాంగిల్. ఇంతవరకు తెలుసు. ఆ చివరి రెండూ ఒకే ఫ్రేములో పడాలి, అంటే సెకనులో 60వ వంతు. నాకు మామూలు విండ్ గాడ్ ఫిస్టే వస్తోంది. అది ఎదుటివాడు గార్డ్ చేస్తే తిరిగి మనకే దెబ్బ.

పీఎస్పీలో నాలుగు దిక్కుల బటన్లూ విడివిడిగా ఉంటాయి కదా, మూలకి వేలు జరిపేలోపే ట్రయాంగిల్ నొక్కేస్తున్నాను. తెరపై కజుయా ఎడమవైపు నిలబడితే అప్పుడప్పుడైనా పడుతోంది, కుడివైపుకి మారితే అసలు లేదు.

మీరు వేలిని దొర్లిస్తారా, లేక కిందికి నొక్కి పట్టుకుని ముందు బటన్ కలుపుతారా? అనలాగ్ స్టిక్‌తో ఎవరికైనా కుదిరిందా? ప్రాక్టీస్ మోడ్‌లో దేనితో మొదలుపెట్టాలో కూడా చెప్పండి. "ఎడ్డీ అనే ఫైటర్‌ని తీసుకుని బటన్లు ఎడాపెడా నొక్కెయ్" అనే సలహా మాత్రం వద్దు, మా తమ్ముడు రోజూ అలాగే నన్ను ఓడిస్తున్నాడు.