లివింగ్‌స్టోనికి బతికున్న చేపలు వేయాలా, వద్దా?

ఇసుకతోట_ట్యాంకు:
ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేప లివింగ్‌స్టోని, ఆరంగుళాలది. ట్యాంకు నాలుగడుగులు, అడుగున గులకరాళ్లు, మేత పెల్లెట్లే. ఈ చేప పక్కకి ఒరిగి చచ్చినట్టు పడుకొని వేటాడుతుందంటారు గదా, ఇక్కడ ఒక్కసారీ పడుకోలేదు. గప్పీలనే చిన్న చేపలు వేస్తే ఆ గుణం బయటపడుతుందా?

గాజువాక_సిక్లిడ్:
వేయండి. పుట్టుకతో వేటగాడు అది. కదిలే మేత లేకపోతే ఒక మూల చేరి ఒళ్లు పెంచుకుంటుంది. వారానికి ఒకసారి నాలుగైదు గప్పీలు చాలు.

జాలరిపేట_మలావీ:
గాజువాక అన్నా, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. గప్పీలు వేస్తే కనబడేది తరుముడే గానీ పడుకోవడం కాదు. గప్పీ నీటి పైపైనే తిరుగుతుంది. ఈ చేప ఎర వేసేది అడుగున కుళ్లింది కొరికి తినడానికి వచ్చే పిల్ల చేపలకి. మలావీ జాలర్లు దీన్ని కలింగోనో, అంటే నిద్రపోయేది, అంటారు. సరస్సులో దీని వేటని స్వయంగా గమనించి శాస్త్రవేత్త కెన్నెత్ మెకేయ్ 1981లో పత్రం రాశారు. ముందు ఇసుక మీదకి మెల్లగా దిగుతుంది, పక్కకి వాలుతుంది. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు మరకలు కుళ్లిన చర్మంలా కనబడతాయి. అలా కొన్ని నిమిషాలు కదలదు. చిన్న చేప వచ్చి ఒళ్లు పొడిచిందా, పడుకున్న చోటు నుంచే ఒక్క విసురు, నోట్లోకి పోయినట్టే.

కాబట్టి కావలసింది మెత్తటి ఇసుక, గందరగోళం లేని అడుగు. గులకరాళ్ల మీద ఏ చేప పడుకుంటుంది?

ఇక షాపు మేత చేపలు. కిక్కిరిసిన తొట్టెల్లోంచి వస్తాయి, తెల్లమచ్చల రోగం వాటితోనే దిగుతుంది. చవకని గోల్డ్‌ఫిష్ వేసేవాళ్లున్నారు, అది మరీ తప్పు. వాటి ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అదే పనిగా పెడితే బీ1 విటమిన్‌ని విరిచేస్తుంది, చేపకి నరాల బలహీనత వస్తుంది.

గాజువాక_సిక్లిడ్:
గోల్డ్‌ఫిష్ సంగతి నిజమే, ఎవరూ వేయొద్దు. గప్పీల విషయంలో మాత్రం నా మాట మారదు. ఇంట్లోనే వేరే తొట్టెలో పిల్లలు పెట్టించి, కొత్త చేప కలపకుండా పెంచితే రోగం ఎక్కడినుంచి వస్తుంది? పడుకోవడం కోసం కాదు, కండ కోసం వేయమంటున్నాను.

ఎంవీపీ_నీళ్లు:
పడుకుంది గదా అని మురిసిపోకండి, జబ్బు చేసినా పడుకుంటుంది. వేటకి పడుకున్నది పెల్లెట్ వేయగానే లేచి వస్తుంది, మొప్పలు నిదానంగా ఆడతాయి. రోగిష్టిది మేత ముట్టదు, మొప్పలు గబగబా కొట్టుకుంటాయి, తెల్లటి దారంలాంటి రెట్ట వేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది. మేత మానేసి గొంతు సంచి ఉబ్బి కనబడితే ఆడది గుడ్లు నోట్లో దాచిందేమో చూడండి. మూడు వారాలదాకా అలాగే ఉంటుంది, మందులు పోయకండి.

మే నెలలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. గాలి బుడగలు వదిలే రాయి జోరు పెంచి, మేత సగం చేయండి. ఆర్‌ఓ నీళ్లు ఒట్టివి వద్దు, పీహెచ్ 7.7 నుంచి 8.6 మధ్య ఉండాలి. మన బోరు నీళ్లు సాధారణంగా కఠినమే. అయినా సముద్రం పక్క వీధుల్లో ఉప్పు పరీక్షించాకే వాడండి.

ఇసుకతోట_ట్యాంకు:
అయితే ఇసుకే వేస్తాను. ఆర్కే బీచ్ ఇసుక పనికొస్తుందా?

జాలరిపేట_మలావీ:
వద్దు. ఉప్పు, మురుగు రెండూ ఉంటాయి. మన తీరం నల్ల రవ్వల్లో ఇనుప ఖనిజాలు ఎక్కువ, అద్దం తుడిచే అయస్కాంతానికి అంటుకొని గాజుని గీస్తాయి. ఏటి ఇసుక జల్లెడ పట్టి, బకెట్లో నీళ్లు తేటపడేదాకా కడిగి, రెండంగుళాలు పరవండి. అంతకన్నా మందంగా వేస్తే కింద కుళ్లి నల్లబడుతుంది. ఇంకో మాట, ఇది 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, నాలుగడుగులు చాలదు. ఆరు, రెండు, రెండు అడుగులది, అంటే సుమారు 680 లీటర్లది, చూసుకోండి. నోట్లో పట్టే చేపని మాత్రం పక్కన పెట్టకండి.

గాజువాక_సిక్లిడ్:
పెద్దదై చోటు చాలకపోతే ఎవరికైనా ఇవ్వండి గానీ, మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ జలాశయాల్లో వదలొద్దు. ఈ ఒక్క దాంట్లో మనిద్దరిదీ ఒకటే మాట, జాలరిపేట తమ్ముడూ.